‘ఎనిమిది’ అన్నందుకు నవ్వారు

మా ఆఫీసులో రోజూ రాత్రి ఏడున్నరకు బ్రెజిల్ జట్టుతో మాట్లాడాలి. వాళ్లకు అప్పుడు ఉదయం పదకొండు. మూడు నెలల కిందట ఒక రాత్రి, ఈశాన్య బ్రెజిల్‌లోని అరకజూ నుంచి పనిచేసే అమ్మాయి మిగిలిపోయిన పనుల లెక్క చెబుతూ ‘ఎనిమిది’ అంది. సావో పౌలోలో కూర్చున్న ఇద్దరు ఆ మాటను పట్టుకుని, సాగదీసి, తిరిగి అన్నారు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది.

ఆమె నవ్వు నాకు బాగా తెలుసు. శ్రీకాకుళం నుంచి విజయవాడ హాస్టలుకు వెళ్లిన కొత్తలో, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం చదువుకుంటూ ‘మా గుంట పాసైందట’ అన్నాను. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. గదిలో ఉన్న మిగతా నలుగురికి గుంట అంటే గొయ్యి. నెల రోజుల పాటు నేను ఎదురైనప్పుడల్లా ఎవడో ఒకడు గోతిలో పడినట్లు నటించేవాడు. నేనూ నవ్వేవాడిని. నవ్వకపోతే ఇంకో నెల సాగుతుందని భయం.

పోర్చుగీసులో ఎనిమిదిని ‘ఓయ్తు’ అంటారు. ఆ అమ్మాయి ‘ఓయ్చు’ అంది. తకారం చకారమైంది, అంతకు మించి ఘోరమేమీ జరగలేదు. మరి రియో వాళ్లు పిన్నిని ఏమని పిలుస్తారు? రాసేది ‘తియ’, పలికేది ‘చియ’. అదే తకారం, అదే చకారం. ఇకారానికి ముందున్న తకారాన్ని చకారం చేస్తే అది దేశం మెచ్చిన ఉచ్చారణ. ఇకారం వెనక వచ్చిన దాన్ని చేస్తే నవ్వులాట. పైగా అరకజూ అమ్మాయి ‘తియ’ను రాసినట్లే శుభ్రంగా ‘తియ’ అంటుంది. రాతకు దగ్గరగా పలికినందుకు ఆమెకు ఎవరూ మార్కులు వేయలేదు.

ఈ గమనిక నాది కాదు. మార్కోస్ బాన్యో అనే భాషాశాస్త్రవేత్త 1999లో భాషా వివక్ష మీద రాసిన చిన్న పుస్తకంలో ఈ రెండు చకారాలను పక్కపక్కన పెట్టి చూపించాడు. నవ్వు వచ్చేది శబ్దాన్ని బట్టి కాదు, పలికే మనిషి ఎక్కడివాడన్న దాన్ని బట్టి అని ఆయన మాట. అదే పుస్తకంలో టీవీ ధారావాహికల మీద కూడా విరుచుకుపడ్డాడు. వాటిలో ఈశాన్య బ్రెజిల్ మనిషి ఎప్పుడు కనిపించినా మోటుగా, వెనకబడి, నవ్వించడానికే పుట్టినట్లు ఉంటాడట. అతని నోట్లో పెట్టే భాష ఈశాన్యంలోనే కాదు, దేశంలో ఎక్కడా ఎవరూ మాట్లాడనిదట.

మొదటిసారి చదివినప్పుడు తల నిండుగా ఊపాను. ఇప్పుడు సగమే ఊపుతాను.

వార్తలకు ఒక నోరు, నవ్వులకు ఒక నోరు

ముందు ఒప్పుకునే సగం. బ్రెజిల్‌లో ఏ ఉచ్చారణను ప్రమాణంగా తీసుకోవాలన్నది దానంతట అది స్థిరపడలేదు. సభ పెట్టి తీర్మానించారు. 1937లో కవి మారియో ద అంద్రాదె పూనికతో సావో పౌలోలో జరిగిన సభ, పాటలో పలికే పోర్చుగీసుకు రియో ఉచ్చారణను నమూనాగా నిలిపింది. 1956లో నాటకరంగం కోసం అలాంటిదే మరో సభ పెట్టారు, అదీ ఈశాన్యంలోని బహియా రాష్ట్ర రాజధాని సల్వదోర్‌లో. ఆతిథ్యం బహియా వాళ్లది, పీఠం మళ్లీ రియోది. అప్పటికి దేశ రాజధాని రియోనే కాబట్టి ఆశ్చర్యమేమీ లేదు.

1969లో గ్లోబో టీవీ రాత్రి వార్తలు దేశమంతటా ఒకేసారి వినిపించడం మొదలైంది. 1970లలో ఆ సంస్థ గ్లోరీన్యా బ్యూటెన్‌ముల్లర్ అనే ఉచ్చారణ నిపుణురాలి చేత విలేఖరులకు శిక్షణ ఇప్పించి, వాళ్ల నోళ్లలోని ప్రాంతపు గుర్తులను పలచబరిచింది. అదే సంస్థ వినోద విభాగంలో యాసకు కొరత లేదు. వార్త చదివే నోటికి సున్నం కొట్టి, హాస్యం చెప్పే నోటికి రంగులు పూశారు. నాకు రంగులతో పేచీ లేదు, పంపకంతోనే పేచీ.

అయితే ఆ రంగులు పూసింది ఎవరు అని అడిగితే కథ అడ్డం తిరుగుతుంది. హాస్యనటుడు షీకో అనీజియో 1931లో ఈశాన్యంలోని సియరా రాష్ట్రం, మరాంగ్వాపిలో పుట్టాడు. టీవీలో రెండు వందలకు పైగా పాత్రలు కట్టాడు. వాటిలో నాకు ఇష్టమైనవాడు పంతలెయావ్ అనే ముసలాయన. ఊగుడు కుర్చీలో కూర్చుని నోరు తెరిస్తే కోతలే కోస్తాడు. వినేవాడి ముఖంలో అనుమానం కనిపించగానే భార్య వైపు తిరిగి ‘అబద్ధమా, తెర్తా?’ అని అడుగుతాడు. ఆమె నిజమేనంటుంది. ఆ ఒక్క జవాబులో ఎంత కాపురం ఉందో చూడండి. రెనాతో అరగావ్ కూడా సియరా వాడే, సోబ్రాల్ పట్టణం. ఆయన వేసిన డీడీ, ఊరు వదిలి నగరంలో పడ్డ మనిషి. బలం లేదు, చదువు లేదు, ఎదుటివాణ్ణి బురిడీ కొట్టించే చురుకుదనం మాత్రం దండిగా ఉంది. దశాబ్దాల పాటు ఆ దేశపు పిల్లలు ఆదివారం సాయంత్రం అతని కోసం టీవీ ముందు కూర్చున్నారు.

కాబట్టి బయటివాడు వచ్చి వెక్కిరించి పోయాడు అనుకుంటే కుదరదు. ఆ నేల మనుషులే తమ యాసను అమ్మకానికి పెట్టారు, కొన్నది దక్షిణాది నగరాలు. కరవుకు, పేదరికానికి తట్టుకోలేక లక్షల మంది ఈశాన్యం నుంచి ఆ నగరాలకు వలస వెళ్లారు. అక్కడ వాళ్లకు దొరికిన పేరు చూడండి. ఏ రాష్ట్రం నుంచి వచ్చినా రియోలో వాడు ‘పరాయిబా’ (అది ఒక్క రాష్ట్రం పేరు), సావో పౌలోలో వాడు ‘బహియావాడు’. ఈశాన్యంలోని తొమ్మిది రాష్ట్రాలను ఒకే తిట్టులో కుక్కిన నగరం, తొమ్మిది రాష్ట్రాల మాటను ఒకే టీవీ యాసలో కుక్కడానికి వెనకాడుతుందా?

మన దగ్గరా ఈ పంపకం ఉంది కనుక ఎక్కువ చెప్పను. తెలంగాణ మాట చాలాకాలం తెర మీద రౌడీకీ, హాస్యగాడికీ దక్కింది. మా శ్రీకాకుళం మాట పనిమనిషికి దక్కింది. కథానాయకుడు ఏ జిల్లాలో పుట్టినా కృష్ణా తీరంలో పెరిగినట్లే మాట్లాడేవాడు.

ముందుపూర్వకంగా, వెనకపూర్వకంగా

ఇక ఒప్పుకోని సగం. ఎక్కడా ఎవరూ మాట్లాడని భాషను పాత్ర నోట్లో పెట్టడమే నేరమైతే, బ్రెజిల్ టీవీలో మొదటి ముద్దాయి ఒడొరికో పరగ్వాసు అవుతాడు. నా దృష్టిలో అంతకంటే గొప్ప పాత్ర ఆ టీవీలో లేదు.

1973లో గ్లోబోలో వచ్చిన ‘ఓ బేం అమాదు’ ఆ దేశంలో రంగుల్లో ప్రసారమైన మొదటి ధారావాహిక. రాసింది సల్వదోర్‌లో పుట్టిన నాటకకర్త డియాస్ గోమెస్. సుకుపీర అనే కల్పిత పట్టణం, బహియా తీరంలో. ఊరికి శ్మశానం కట్టిస్తానని మాటిచ్చి ఒడొరికో మేయరవుతాడు. శ్మశానం తయారైంది, ప్రారంభోత్సవానికి శవం లేదు. ఊళ్లో ఒక్కరూ చావరు. జబ్బుపడినవాడి మీద ఆశ పెట్టుకుంటే వాడు కోలుకుంటాడు. విసిగిపోయి, పేరుమోసిన హంతకుడు జెకా డియాబోను రప్పిస్తాడు. వాడేమో ఈశాన్యం జనం మహాత్ముడిగా కొలిచే పాద్రీ సీసెరోకు మొక్కుతూ, సన్నటి గొంతుతో, ఇక మనుషులను చంపనంటాడు. చివరికి శ్మశానం ప్రారంభమవుతుంది. తొలి శవం మేయరుగారిదే, చంపింది జెకా డియాబోనే.

ఒడొరికో ఠీవి అంతా ‘మెంతి’ అనే ప్రత్యయంలో ఉంది. పోర్చుగీసులో విశేషణానికి అది తగిలిస్తే క్రియావిశేషణం అవుతుంది. మన ‘గా’ లాంటిది. కాస్త దస్తావేజు వాసన కూడా కావాలంటే మన ‘పూర్వకంగా’ అనుకోండి. ఆయన దాన్ని కనిపించిన ప్రతి మాటకూ తగిలిస్తాడు. ఊరిని ‘ముందుపూర్వకంగా’ నడిపిస్తానంటాడు, ప్రత్యర్థులు ‘వెనకపూర్వకంగా’ లాగుతున్నారంటాడు. అయితేగియితేలను పక్కన పెట్టి ‘తుదపూర్వకాల్లోకి’ వెళదామంటాడు. నా అనువాదం నాసిరకమే కానీ అసలు మాట ఇప్పటికీ బతికే ఉంది. మా సావో పౌలో మేనేజరు ఇక ‘ఫినాల్మెంతీల్లోకి’ వెళదామనగానే, ఆ ధారావాహిక పేరు కూడా వినని పాతికేళ్ల పిల్లలు లాప్‌టాప్ మూయడానికి సిద్ధమవుతారు.

బహియాలో ఎవరూ అలా మాట్లాడరు, నిజమే. కానీ ఆ దేశంలో అలా మాట్లాడాలని తహతహలాడినవాళ్లు కోకొల్లలు. కోర్టు గుమాస్తా భాష, ప్రవచనం భాష, ఎన్నికల వేదిక భాష కలిపి నూరిన ముద్ద అది. ఒడొరికో దానితో అబద్ధం ఆడతాడు, దానితోనే ఆలోచిస్తాడు, ఆ ‘పూర్వకంగా’లు తీసేస్తే మనిషే మిగలడు. అది సైనిక ప్రభుత్వం ఏలుతున్న కాలం. ఒడొరికోను ‘కర్నల్’ అని పిలవకూడదని సెన్సారు వాళ్లు అడ్డుపడ్డారు. ఈశాన్యంలో అది భూస్వామికి జనం పెట్టుకున్న బిరుదు, మన ‘దొర’ లాంటిది. అయినా అసలు కర్నళ్లు భుజాలు తడుముకున్నారు.

అదే 1973లో ఇంకొకటి జరిగింది. సావో పౌలోలో ఇటాలియన్ వలస కుటుంబాల పేదపేటల మాటతో పాటలు కట్టిన అదోనిరాన్ బర్బోజా ఒక పాటను సెన్సారుకు పంపాడు. అందులో చెక్కపలకను ‘తాబ్వా’ అనకుండా పేటలో అన్నట్లే ‘తౌబా’ అన్నాడు. అలాంటివే ఇంకో రెండు మూడు మాటలు. అభిరుచి బాగాలేదని పాటనే ఆపేశారు. రాజకీయం ఏమీ లేదు అందులో, చూపుల బాణాలు గుండెకు తగిలాయన్న గోల తప్ప. మేయరు మాటను వంకరగా వాడితే హాస్యమైంది, కూలివాడు వాడితే అభిరుచి లోపమైంది. ఏడేళ్ల తర్వాత గాయని ఎలీస్ రెజీనాతో కలిసి పాడి ఆయన దాన్ని దేశం నోట పెట్టాడనుకోండి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకున్నాక నాకు ఒకటి స్పష్టమైంది. యాస అచ్చంగా ఉందా అన్నది నా రెండో ప్రశ్న. ఆ మాటల్లో ఆలోచించే బుర్ర ఆ పాత్రకు ఇచ్చారా, లేక మాటను తలపాగాలాగా పైన పెట్టి వదిలేశారా అన్నది మొదటిది.

ఈ పరీక్షలో అందరూ నెగ్గరు. 1997లో వచ్చిన ‘ఎ ఇందొమాద’లో గ్రీన్‌విల్ అనే కల్పిత ఈశాన్య పట్టణం ఉంది. ఒకప్పుడు ఆంగ్లేయులు ఉండిపోయిన ఊరు కాబట్టి జనం ‘ఓషెంతి’ అని తమ పద్ధతిలో ఆశ్చర్యపోయి, వెంటనే ఇంగ్లీషులో దేవుణ్ణి తలుచుకుంటారు. ఆల్తీవా అనే గర్విష్ఠి ఆ ఊరి గొప్పింటావిడ. ఆమె నోట అది భలే పండింది, ఎందుకంటే ఆమె పెత్తనమంతా ఆ రెండు ముక్కల ఇంగ్లీషు మీదే నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్ల నోట అదే మాట గంట కొట్టినట్లు మోగి ఊరుకుంది.

చెవి ఎవరిది

ఈ సిద్ధాంతమంతా అరకజూ అమ్మాయికి ఒక రోజు ఫోనులో వివరించాను. నా సాక్ష్యాల్లో బలమైనది ‘ఔతో ద కొంపదెసీద’. అరియానో సువసూనా 1955లో రాసిన నాటకం. దాన్ని గెల్ అరాయిస్ 1999లో నాలుగు భాగాలుగా టీవీకి తీశాడు, మరుసటి ఏడాది సినిమాగా విడుదలైతే థియేటర్లలోనే 20 లక్షల మందికి పైగా చూశారు. పరాయిబాలోని మెట్ట ఊరు. జువావ్ గ్రీలు తిండికి లేని మనిషి, షికో అతని పిరికి స్నేహితుడు. చచ్చిన కుక్కకు లాటిన్ మంత్రాలతో అంత్యక్రియలు చేయనన్న పాద్రీ, కుక్క వీలునామాలో తన వాటా ఉందని జువావ్ చెప్పగానే మెత్తబడతాడు. డబ్బును ‘వెనక్కి తినే’ పిల్లిని జువావ్ రొట్టెలవాడి భార్యకు అంటగడతాడు. ఏ దారి నుంచి వెనక్కి అన్నది చెప్పనక్కరలేదు. షికో నోటికి వచ్చిన కోతలు కోసి, నిలదీస్తే ‘నాకేం తెలుసు, అలా జరిగిందని మాత్రం తెలుసు’ అంటాడు. జువావ్ చనిపోయి పైలోకపు న్యాయస్థానంలో నిలబడినప్పుడు కూడా అదే మాటతో, అదే యాసతో తన కేసు తానే వాదించుకుంటాడు. దేవుడి ముందు గొంతు సవరించుకోడు. అందుకే నాకు అతనంటే అంత ఇష్టం.

మరి ఆ పాత్రలు వేసిందెవరు? జువావ్‌గా మతేయుస్ నష్తర్‌గెలె, సావో పౌలో మనిషి. షికోగా సెల్తోన్ మెలో, మినాస్ జెరాయిస్‌లో పుట్టాడు. ఇద్దరూ ఈశాన్యం వాళ్లు కాదు, అయినా ఏం లోటు వచ్చింది అని అడిగాను.

ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘అన్నా’ అనే అర్థంలో వాళ్లు వాడే మాటతో నన్ను పిలిచి, ‘నీకు లోటు వినపడదు. నువ్వు నేర్చుకున్నది ఆఫీసు పోర్చుగీసు. నాకు చెవిలో రాయి పడ్డట్టు ఉంటుంది’ అంది. ఆ ఇద్దరినీ వదిలేస్తానంది, వాళ్లను చూస్తే ఎవరైనా వదిలేస్తారంది. మిగతావాళ్లను వదలనంది. తనకు తెలిసిన రంగస్థల నటి ఒకామెను పనిమనిషి వేషం ఉన్నప్పుడే రియో నుంచి పిలుస్తారట. యజమానురాలు ఈశాన్యంలోనే పుట్టిన పాత్ర అయినా, ఆ వేషానికి రియో అమ్మాయికి యాస నేర్పించుకుంటారట.

దీనికి నా దగ్గర జవాబు లేదు. 2018లో బహియా నేపథ్యంగా వచ్చిన ‘సెగుందు సోల్’ తారాగణంలో దాదాపు అందరూ తెల్లవాళ్లే ఉంటే గొడవైంది. నల్లజాతి జనాభా అధికంగా ఉన్న రాష్ట్రపు కథ అది. కార్మిక వ్యవహారాలు చూసే ప్రభుత్వ న్యాయవిభాగం గ్లోబోకు తాఖీదు పంపేదాకా వెళ్లింది. పాత్రకు బుర్ర ఇచ్చారా అన్న నా ప్రశ్న రచయితకు వేయవలసింది. వేషం ఎవరికి ఇచ్చారు, కూలి ఎవరికి ముట్టింది అన్న ఆమె ప్రశ్న యజమానికి వేయవలసింది. నేను మొదటిది పట్టుకుని రెండోదాన్ని మింగేశాను. హాస్టలులో నా యాసను అనుకరించినవాడు మంచి నటుడే. కళాశాల నాటకంలో ఉత్తరాంధ్ర పాలేరు వేషం వాడికే ఇచ్చారు. అది న్యాయమేనని అప్పుడు నాకు తోచలేదు, మరి ఇప్పుడు టీవీ వాళ్ల తరఫున ఎందుకు వాదిస్తున్నాను?

వేషం తీసేశాక ఏమవుతుందన్నది ఇంకో సంగతి. తిరిరీకా అనే విదూషకుడు సియరాలోని ఇతపిపోకా వాడు. 2010లో సావో పౌలో నుంచి పార్లమెంటుకు పోటీ చేశాడు. ఎంపీ ఏం చేస్తాడో నాకు తెలియదు, ఓటేస్తే తెలుసుకుని చెబుతానని ప్రచారం చేశాడు. 13 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి, ఆ ఏడాది దేశంలో ఏ ఎంపీకీ అన్ని రాలేదు. ప్రమాణస్వీకారం కంటే ముందు జరిగింది మాత్రం పరీక్ష. ఇతనికి చదవడం, రాయడం వచ్చా అని కోర్టు పిలిపించింది. వార్తాపత్రిక చదివించారు, చెప్పింది రాయించారు. నిరక్షరాస్యులు పోటీ చేయకూడదన్న నిబంధన ఉంది, అనుమానం రావడానికి కాగితాల్లో కారణాలూ ఉన్నాయి. అయినా ఆ గదిలో బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లలో ఒకరైనా టీవీలో అతని యాసకు నవ్వి ఉండరా అన్న ఊహ నన్ను వదలదు. నెగ్గాడు, ఆ తర్వాతా మళ్లీ మళ్లీ గెలిచాడు.

మరోవైపు 2021లో రియాలిటీ షో గెలిచిన జూలియెట్ ఉంది, పరాయిబా అమ్మాయి. షో ఇంట్లో తోటివాళ్లు ఆమె మాటతీరును ఎగతాళి చేస్తుంటే చూసిన ప్రేక్షకులు చివరి పోరులో 90.15 శాతం ఓట్లు వేశారు. ఆమె హాస్యపాత్ర కాదు, యాస మార్చుకోలేదు. అరకజూ అమ్మాయి కూడా ఓటేసిందట, ఎన్నిసార్లో చెప్పలేదు.

సూర్యుణ్ణి గేలిచేసిన ఊరు

సియరా రాజధాని ఫోర్తలేజాలో ఫెరేరా కూడలి ఉంది. 1942 జనవరి 30న అక్కడ జనం గుమిగూడి ఉన్నారు. కరవు నేల, ఆకాశం మబ్బు పట్టి ఉంది, వాన వస్తుందని అందరి ఆశ. ఇంతలో మబ్బులు చీల్చుకుని సూర్యుడు వచ్చాడు. కూడలి మొత్తం ఆయన్ను చూసి కేకలు వేసి గేలిచేసింది. అదే ఊళ్లో అంతకుముందు వీధుల్లో తిరుగుతూ అందరికీ చుట్టమైపోయిన ఒక మేకపోతు ఉండేది. 1931లో అది చస్తే తోలు నింపి మ్యూజియంలో పెట్టారు, ఇప్పటికీ ఉంది. అక్కడ విచిత్రమైన పాత్రలను రచయితలు కనిపెట్టనవసరం లేదు.

ఆ రాష్ట్రంవాడే హల్దెర్ గోమెస్ ‘సినే హోలియుడి’ అనే సినిమా తీశాడు. 2013లో థియేటర్లకు వచ్చింది. 1970లలో ఊరికి టీవీ వస్తోంది, చిన్న సినిమా హాలు నడిపే ఫ్రాన్సిస్‌గ్లెయిడిసన్ కడుపు కొడుతోంది. సినిమా మధ్యలో ఆగిపోతే తానే తెర ముందుకు దూకి, మిగతా కొట్లాట అభినయించి చూపిస్తాడు. వేసింది ఎద్మిల్సన్ ఫిల్యో, సియరా నటుడే. పోర్చుగీసు సినిమాకు పోర్చుగీసులోనే సబ్‌టైటిల్స్ వేసి, ఇది సియరా భాషలో ఉందని ప్రచారం చేశారు. అది చూసి మొదట నాకు చిరాకు వచ్చింది. తమను తాము విదేశీయులుగా ప్రదర్శించుకోవడం ఎందుకని. సినిమా చూస్తుంటే చిరాకు పోయింది. ఇన్నాళ్లూ తమకు అర్థమైనట్లు నవ్విన సావో పౌలో వాళ్లను కూర్చోబెట్టి, మీకు అసలేమీ అర్థం కాలేదు, కింద చదువుకోండి అన్నట్లు ఉంది.

ఈ వ్యాసం నేను రాస్తున్న తెలుగు సంగతి కూడా చెప్పాలి. ఇందులో మా అమ్మమ్మ మాట ఒక్కటే ఉంది, ‘గుంట’. అదీ కొటేషన్లలో. ఆమె మాటలతోనే మొదలుపెట్టాను. రెండు పేరాలు రాశాక, చదివేవాళ్లు నవ్వించడానికి రాశాననుకుంటారేమో అనిపించి చెరిపేశాను. నా నోటికి సున్నం కొట్టడానికి ఏ నిపుణురాలూ రానక్కరలేదు.

పోయిన శనివారం అరకజూ అమ్మాయి, నేను ఎవరిళ్లలో వాళ్లం కూర్చుని ఆ సినిమానే ఒకేసారి పెట్టుకుని చూశాం. అర్థం కాని చోట ఆపి చెబుతానంది. మొదటి పావుగంటలో నాలుగుసార్లు ఆపింది. ఫ్రాన్సిస్‌గ్లెయిడిసన్ ఎవడినో ఒక తిట్టు తిట్టాడు, నేను ఆపమన్నాను. అటు నుంచి చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. ‘ఉండు’ అంది చివరికి, ‘కింద ఏం రాశారో చదువుతున్నాను.’